చిల్లర

గురువారం. సంత రోజు.
బస్సు దిగేసరికి వాన నాకంటే ముందే వచ్చి కూర్చుంది.
ఊరు పెద్దదేం కాదు.
ఒక వంతెన, రెండు చర్చీలు, పదకొండు పబ్బులు,
ఒకదాని భుజం ఒకటి పట్టుకుని
కొండవాలు దిగుతున్న ఇళ్ళు.

పశువుల వేలంలో మైకు పట్టుకున్నాయన
ఊపిరి తీయకుండా అంకెలు కురిపిస్తున్నాడు.
కొనేవాళ్ళు పెదవి కదపరు.
ఒకడు కనుబొమ ఎగరేశాడు, దూడ అమ్ముడైపోయింది.
తలాడించే అలవాటున్న దేశం నుంచి వచ్చినదాన్ని,
మెడ బిగబట్టుకుని నిలబడ్డాను.

కూడలిలో కంచు మనిషి.
గుండీలూడిన చొక్కా, నిలువెత్తును మించిన బల్లెం,
పదిహేడువందల తొంభై ఎనిమిది నాటి కోపం.
బల్లెం మొన మీద కాకి ఒకటి రెక్కలు దులుపుకుంటోంది.
కింద రాతిలో ముప్పయ్యొక్క పేర్లు:
ఫర్లాంగులు నలుగురు, రోచ్‌లు ముగ్గురు, ఒక కీహో...
పొద్దున్నుంచి బోర్డుల మీద చదివిన పేర్లే.
మాంసం కొట్టు, మందుల షాపు, శవపేటికలు చేసే ఆయన.
చచ్చిపోయినవాళ్ళు ఎక్కడికీ పోకుండా
ఇక్కడే వ్యాపారం చేసుకుంటున్నట్టుంది.

గొడుగు కోసం ఇనుప సామాన్ల కొట్లో దూరాను.
కిరోసిన్ వాసన. గొడ్డళ్ళు, ముళ్ళతీగ చుట్టలు,
గొర్రెల వీపున గుర్తు పెట్టే నీలంరంగు డబ్బాలు.
పారల వరస చివర, మేకుకి,
ధర చీటీ లేని తుప్పు మొన.

"అది అమ్మకానికి కాదు," అంది డింప్నా సినట్.
డెబ్భై దాటి ఉంటాయి. మోచేతుల దగ్గర ఊలు పోగులూడిన స్వెట్టర్.
"మా తాత కప్పు గడ్డి మార్పిస్తుంటే దొరికింది.
కొలిమిలో రాత్రిళ్ళు అలాంటివి నలభై చేశాడు మలకీ రోచ్.
సిపాయిలొచ్చి తారు కాచి అతని తల మీద పోసి
నిప్పంటించారు.
కొలిమి దారి చూపించింది మా వాడు."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది.

"ముప్పై గినీలకని ఊళ్ళో అంటారు.
కొడుకుని బ్యారక్స్‌లో కట్టేశారని మా ఇంట్లో అంటాం.
కొడుకు తిరిగొచ్చాడు.
గినీలూ వచ్చాయి.
ఆ రాతి మీద మా పేరు వెతక్కండి."

కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని మా సామెత.
ఈవిడ చించుకుని కౌంటరు మీద పెట్టింది,
తూకం వెయ్యడానికన్నట్టు.

మరి ఊరు విడిచి వెళ్ళలేదా మీరు, అన్నాను.
"వెళ్తే వీళ్ళకి మేకులెవరు అమ్ముతారు?
మా శవాలు మోస్తారు. మా ఆవు ఈనలేకపోతే
అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పరిగెత్తుకొస్తారు.
రెండొందల ఏళ్ళుగా మా దగ్గరే కొంటారు.
చిల్లర మాత్రం రెండుసార్లు లెక్కపెట్టుకుంటారు.
ఎందుకో వాళ్ళకే తెలీదు పాపం. చెయ్యి లెక్కపెడుతుంది, అంతే."

గంట మోగింది. బురద బూట్ల కుర్రాడు,
ఫర్లాంగు వాళ్ళ చిన్నోడట,
కంచె మేకులు రెండు కిలోలు తీసుకుని
అరచేతిలో బిళ్ళలు వేలితో జరిపాడు.
మళ్ళీ జరిపాడు.
"థాంక్స్ డింప్నా, అమ్మ నిన్ను ఆదివారం భోజనానికి రమ్మంది."
ఆవిడ కళ్ళజోడు మీంచి నా వైపు చూసింది.
నవ్విందో లేదో చెప్పలేను.

గొడుగు పన్నెండు యూరోలు. ఇరవై ఇచ్చాను.
పచ్చరంగుది, ఒక ఊచ అప్పుడే వంకర.

కంచు మనిషి దగ్గరికి వచ్చాక చూసుకున్నాను.
గొడుగు చంకలో ఉంది, ఇంకా తెరవనేలేదు.
తడుస్తున్న అరచేయి చాపుకుని,
ఒక నోటు, ఒకటి, రెండు, మూడు...
తెలుగులో, పెదవులు కదుపుతూ,
రెండోసారి.

వెనక కొట్టు కిటికీ ఉంది.
తిరిగి చూడలేదు.